వగరుకెన్ని పేర్లు

తెలుగులో 'తాగు' అనే క్రియకి కర్మ ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. కాఫీ తాగుతుంది, మజ్జిగ తాగుతుంది, నీళ్ళు తాగుతుంది. ఆ కర్మని తీసేసి 'ఆమె తాగుతుందట' అంటే చాలు, మిగతా కథంతా వినేవాళ్ళే అల్లుకుంటారు. సియాటిల్ చుట్టుపక్కల తెలుగిళ్ళ పాట్‌లక్కుల్లో నా గురించి ఆ కర్మలేని వాక్యం ఒకటి తిరుగుతూ ఉంటుందని నాకు తెలుసు. మా ఆయన చుక్క ముట్టడు కాబట్టి అది ఇంకాస్త రుచిగా తిరుగుతుంది.

నిజానికి జరిగేది ఇంతే. నెలకోసారి నలుగురం ఒకరింట్లో చేరతాం. తలా ఒక సీసా తెస్తాం. కిరాణా కొట్టు కాగితం సంచుల్లో వాటిని మెడదాకా దాచి, సంచుల మీద అంకెలు వేస్తాం. ఒక్కోదాంట్లోంచి రెండు గుక్కలు. వాసన చూడటం, నోట్లో తిప్పడం, చాలావరకు చెంబులోకి ఉమ్మేయడం, నోటుపుస్తకంలో రాసుకోవడం. ఈ పనికి తెలుగులో నాకు నచ్చిన మాట ఇంకా దొరకలేదు. 'రుచి చూడటం' అంటే పులుసులో ఉప్పు చూసినట్టుంటుంది. 'ఆస్వాదించడం' అంటే శాలువా కప్పిన సభ గుర్తొస్తుంది.

రెండేళ్ళుగా మేం ఒకే ద్రాక్షని పట్టుకుని కూర్చున్నాం. మెర్లో. చివర 'టి' రాస్తారు గానీ పలకరు. ఒకే రకం ద్రాక్షని వేరువేరు దేశాల నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే, కనిపించే తేడా నేలదో, ఎండదో, చేసిన మనిషిదో అయుండాలి కదా అన్నది మా లెక్క. అయినా అన్ని రకాలుండగా మెర్లోనే ఎందుకంటే, దానికి మర్యాద లేదు కాబట్టి.

2004లో 'సైడ్‌వేస్' అని ఒక సినిమా వచ్చింది. అందులో మైల్స్ అనే వైన్ పిచ్చివాడు, బల్ల దగ్గర ఎవరైనా మెర్లో తెప్పిస్తే తను లేచి వెళ్ళిపోతానని బూతుతో సహా చెప్తాడు. ఆ ఒక్క మాటతో అమెరికాలో మెర్లో అడగడమే చిన్నతనం అయిపోయింది. తమాషా ఏమిటంటే, సినిమా చివర్లో అదే మైల్స్ ఎన్నాళ్ళుగానో దాచుకున్న 1961 షెవాల్ బ్లాంక్ సీసాని ఒక ఫాస్ట్‌ఫుడ్ కొట్లో మామూలు కప్పులో పోసుకుని తాగుతాడు. ఆ షెవాల్ బ్లాంక్ సెయింట్ ఎమిలియన్ వైను. కాబెర్నే ఫ్రాంక్, మెర్లో కలిపి చేస్తారు.

మైల్స్‌కి కోపం రావడానికి కారణం లేకపోలేదు. 1991లో '60 మినిట్స్' టీవీ కార్యక్రమం ఫ్రెంచివాళ్ళు అంత వెన్న తిన్నా గుండెజబ్బులు తక్కువ, దానికి ఎర్రవైనే కారణమేమో అన్న కథ ప్రసారం చేసింది. అమెరికా జనం ఎర్రవైన్ మీద పడ్డారు. కాబెర్నే సావిన్యాన్ అని పలకడం కష్టం, తాగడం ఇంకా కష్టం. మెర్లో రెండు అక్షరాలు, గొంతులో గుచ్చుకోదు. ఇంకేం, కాలిఫోర్నియాలో వేడి ఎక్కువగా ఉండే మైదానాల్లో కూడా ఎకరాలకెకరాలు వేసి, తీగకి మోయలేనంత కాపు కాయించి, పళ్ళరసం లాంటి వైన్ తీసి అమ్మారు. తప్పు ద్రాక్షది కాదు, ఆశది. కానీ తిట్లు ద్రాక్షకే పడ్డాయి.

మన అలంకారశాస్త్రంలో పాకాలున్నాయి కదా. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం. నోట్లో వేసుకోగానే కరిగేది ఒకటి, తొక్క ఒలిస్తే దొరికేది ఒకటి, పగలగొడితే గానీ లొంగనిది ఒకటి. వైన్ రాతగాళ్ళు మెర్లోని ద్రాక్షాపాకం కింద కొట్టేస్తారు. కొబ్బరికాయ పీట కాబెర్నే సావిన్యాన్‌కి వేస్తారు. ఈ రెండూ సవతి తోబుట్టువులని చాలామందికి తెలీదు. ఇద్దరికీ ఒకవైపు కాబెర్నే ఫ్రాంకే. రెండోవైపు కాబెర్నే సావిన్యాన్‌కి సావిన్యాన్ బ్లాంక్ అని 1990ల్లోనే డి.ఎన్.ఎ. పరీక్షలతో తేలింది. మెర్లో తల్లెవరో మాత్రం 2009 దాకా బయటపడలేదు. ఆ తల్లి ఏ తోటలోనూ లేదు. బ్రిటనీలో సెయింట్ సులియాక్ అనే ఊళ్ళో ఎవరూ పట్టించుకోని ఒక తీగ 1996లో దొరికింది, తర్వాత షారాంత్ ప్రాంతంలో పల్లెటూరి ఇళ్ళ ముందు అలాంటివే ఇంకొన్ని కనిపించాయి. త్వరగా పండే రకం. మాగ్డలేన్ నువార్ దె షారాంత్ అన్న పేరు శాస్త్రవేత్తలు పెట్టారు. ప్రపంచమంతా తాగే ద్రాక్షకి తల్లి ఏదో ఇంటి గుమ్మం పక్కన, మనిళ్ళలో సన్నజాజిలా, పాకుతూ ఉండిపోయింది.

త్వరగా పండటం మెర్లోకి ఆ తల్లి నుంచే వచ్చిందంటారు. కాబెర్నే కన్నా వారం, పది రోజులు ముందే పండుతుంది. చిగురు కూడా ముందే వేస్తుంది, అందుకే చలికి ముందు దెబ్బతినేది అదే. పండు కాస్త పెద్దది, తొక్క పలచన. తొక్క పలచనైతే వగరు తక్కువ. అసలు నేను చెప్పదలచుకున్నది ఈ వగరు గురించే.

మొదట్లో మేమూ సీసా వెనక చీటీల మీద ఉన్న మాటలే రాసుకునేవాళ్ళం. ప్లమ్, బ్లాక్ చెర్రీ, సీడార్, వయొలెట్. మా నలుగురిలో ఒకరిది విజయనగరం, ఒకామెది వరంగల్, నాది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన పల్లె, అందరం అక్కా అని పిలిచే పెద్దావిడది తెనాలి. మాలో ఎవరి చిన్నతనంలోనూ ఈ పళ్ళలో ఒక్కటీ లేదు. ప్లమ్ అంటే హైదరాబాదు బజార్లో ఆల్‌బుకారా అని వరంగలామె చెప్పాకే నాకు ఒక పండుగా కనిపించింది. ఒకరోజు అక్క మూడో నెంబరు సంచిలోది నోట్లో తిప్పి, ఉమ్మి, "జామపిందె" అంది. అందరం ఆగిపోయాం. మళ్ళీ పోసుకున్నాం. నిజమే. పెరట్లో పిందెలు కోసినందుకు తిట్లు తింటూ కొరికిన జామపిందె. నాలిక అంచులు బిగుసుకుపోయి, పళ్ళ మీద ఏదో సన్నటి గుడ్డ పరిచినట్టు.

దాన్నే ఇంగ్లీషులో టానిన్ అంటారు. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి, కొంత ఓక్ పీపాలోంచి వస్తుంది. ఉమ్మిలో ఉండే ప్రొటీన్లని పట్టేసుకుంటుంది, నోరు జారుడు పోయి గరుకుబారుతుంది. అది రుచి కాదు, స్పర్శ అని ఇప్పటి శాస్త్రం. ఆ లెక్కన కారం కూడా రుచి కాదు, మంటే. కానీ మన పెద్దవాళ్ళు రెంటినీ షడ్రుచుల్లో కూర్చోబెట్టి, ఏటా ఉగాది పచ్చడిలో మామిడిపిందె ముక్కతో పిల్లల నోటికి పరిచయం చేస్తూ వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు వైన్ క్లాసులో చేరాక నేర్చుకునే సంగతి మనకి నాలుగో ఏటికే తెలుసు. వరంగలామె దాన్ని 'ఒగరు' అంటుంది. ఆ ఒకారంలో నోరు ఇంకాస్త ముడుచుకుంటుంది, నాకదే సరైన మాట అనిపిస్తుంది.

అప్పట్నుంచి మా నోటుపుస్తకాల్లో పళ్ళ పేర్లు తగ్గి వగరు పేర్లు పెరిగాయి. నేరేడు వగరు: తీపి ముందు వస్తుంది, వగరు నాలిక మధ్యలో ఊదారంగు మచ్చలా ఉండిపోతుంది. వక్క వగరు: బుగ్గల లోపలి గోడలకి పడుతుంది. అరటిపువ్వు వగరు, చేతులకి నల్లగా అంటేది. కరక్కాయ వగరు, గొంతు చివర. మరిగి మరిగి నల్లబడ్డ టీ వగరు. వీటన్నిటికీ ఇంగ్లీషు చీటీల మీద ఉండేవి మెత్తన, గట్టి, సన్నన అన్న మూడు నాలుగు విశేషణాలు. వాళ్ళ పళ్ళు మనకి లేకపోతే మన వగర్లు వాళ్ళకి లేవు.

మెర్లోకి ఇది బాగా పనికొస్తుంది. కాబెర్నే ఎక్కడ పండినా తన గొంతుతోనే మాట్లాడుతుంది. మెర్లోకి సొంత గొంతు అంత బిగ్గర కాదు. ఏ నేల మీద ఉంటే ఆ నేల యాస పట్టుకుంటుంది.

ఐదేళ్ళ కిందట బోర్డో వెళ్ళాం. మా ఆయన మూడు రోజులూ ద్రాక్షరసం తాగుతూ నాకు డ్రైవరుగా ఉన్నాడు, ఆ పుణ్యం ఊరికే పోదు. అక్కడ నది ఎడమ గట్టున మెడాక్ అంతా గులకరాళ్ళు. రాళ్ళు పగటి వేడిని పట్టి ఉంచుతాయి, ఆలస్యంగా పండే కాబెర్నేకి అదే కావాలి. కుడి గట్టున సెయింట్ ఎమిలియన్, పోమెరోల్. అక్కడ సున్నపురాయి, బంకమట్టి. బంకమట్టి చల్లన, తడి వదలదు. కాబెర్నే అందులో పండకుండానే చలికాలం వచ్చేస్తుంది. త్వరగా పండే మెర్లో గట్టెక్కుతుంది. అంటే కుడి గట్టువాళ్ళు మెర్లోని ప్రేమించి వేసుకోలేదు, చాలావరకు అదే పండింది కాబట్టి వేసుకున్నారు. 1956 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలికి ఆ గట్టున తోటలు చాలా పోయాయి. మళ్ళీ నాటేటప్పుడు ఎక్కువగా మెర్లోనే నాటారు.

పోమెరోల్లో పెట్రూస్ అనే తోట ఉంది. పదకొండున్నర హెక్టార్లు, మన లెక్కలో ఇరవై ఎనిమిది ఎకరాలు. ఒక్కో సీసా వేల డాలర్లు. రోడ్డు మీద నిలబడి చూశాను, అంతే. చూడాలనుకున్నది సీసాని కాదు, మట్టిని. నీలిరంగు బంకమట్టి అని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు, తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే మట్టి. ఆ ఖనిజం జాతి పేరు స్మెక్టైట్. మన నల్లరేగడి ఉబ్బేదీ, నెర్రెలిచ్చేదీ ఆ జాతి ఖనిజం వల్లే. ఒంగోలు వైపు వేసవిలో కాలు దిగబడేంత నెర్రెలు చూసినదాన్ని నేను. ఇక్కడ అదే గుణమున్న మట్టికి ఇంత మర్యాద.

సెయింట్ ఎమిలియన్ ఊరు ఊరంతా సున్నపురాతి మీద ఉంది. కింద తవ్వి తీసిన రాయితోనే పైన ఇళ్ళు. ఒక చర్చిని ఏకంగా కొండరాతిలోకే తొలిచారు. అక్కడి ఒక చిన్న తోటలో ఇచ్చిన వైన్ నోట్లో పెట్టుకోగానే తాంబూలం అనిపించింది. ఆకు, వక్క సరే, ఆ వెనక పొడిపొడిగా సున్నం. నేలలోని రాయి రుచి ద్రాక్షలోకి ఎక్కదని భూగర్భ శాస్త్రవేత్తలు నెత్తీ నోరూ కొట్టుకుంటారు, వాళ్ళ మాట నేను నమ్ముతాను. వేరుకి నీళ్ళు ఎంత అందుతాయన్నది మార్చడం ద్వారానే నేల పనిచేస్తుందట. అయినా నాకు సున్నమే తగిలింది, నోటుపుస్తకంలో అదే రాశాను.

ఇంకొకచోట పన్నెండేళ్ళ పాత వైన్ పోశారు. పళ్ళన్నీ వెనక్కి తగ్గిపోయాయి. పోసినతను గ్లాసు ఊపుతూ 'టబాక్' అన్నాడు. పొగాకు. ఈ మాట ప్రతి వైన్ పుస్తకంలోనూ ఉంటుంది, రాసేవాళ్ళలో ఎందరు పొగాకు చేలో నిలబడ్డారో తెలీదు. మా కలిగిరి పొగాకు ఊరు. బ్యారన్లో కర్రలకి కట్టిన ఆకు వారం రోజులు కాలాక తలుపు తీస్తే వచ్చే వాసన, తేనె, ఎండుగడ్డి, కొంచెం ఘాటు, నా పుస్తకాల సంచికి కూడా పట్టి ఉండేది. గ్లాసులో ఉన్నది సరిగ్గా అదే. ఊరు వదిలి పాతికేళ్ళయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోసినతను తన వైన్ గొప్పతనం అనుకుని ఇంకొంచెం పోశాడు.

ఆ గట్టున ఇప్పుడు మెర్లో పరిస్థితి ఏమంత బాలేదు. వేసవులు వేడెక్కేకొద్దీ అది ఇంకా ముందు పండిపోతోంది, చక్కెర ఎక్కి ఆల్కహాలు పదిహేను శాతం దాకా పోతోంది, పులుపు జారిపోతోంది. కొందరు మెర్లో తగ్గించి కాబెర్నే ఫ్రాంక్ పెంచుతున్నారు. బోర్డోలో ఇంతకుముందు కలపనివ్వని కొన్ని కొత్త రకాలకి 2021లో పరిమితంగా అనుమతి ఇచ్చారు. చలికి తట్టుకోవడానికి వేసిన ద్రాక్ష వేడికి లొంగిపోతోంది.

చిలీ మెర్లో కథ మరీ చిత్రం. 19వ శతాబ్దం నడుమ బోర్డో నుంచి తీగలు తీసుకెళ్ళి అక్కడ నాటారు. తర్వాత ఫిలొక్సెరా పురుగు వచ్చి యూరప్ తోటల్ని తినేసింది, చిలీకి మాత్రం అది చేరలేదు. నూరేళ్ళ పైచిలుకు చిలీవాళ్ళు 'మెర్లో' అని పండించి, 'మెర్లో' అని అమ్మారు. అందులో ఏదో పచ్చివాసన ఉండేది, బెంగుళూరు మిరపకాయ కోసినట్టు. 1994 నవంబరులో ఫ్రాన్సు నుంచి జాన్ మిషెల్ బుర్సికో అనే ద్రాక్షశాస్త్రవేత్త ఒక సదస్సుకని వెళ్ళి, శాంటియాగో దగ్గర కార్మెన్ తోటలో తీగల్ని పరీక్షగా చూసి, ఇది మెర్లో కాదు, బోర్డోలో దాదాపు అంతరించిపోయిందనుకుంటున్న కార్మెనేర్ అన్నాడు. అది మెర్లో కన్నా కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. రెండూ కలిసి ఉన్న తోటలో మెర్లో పండగానే అన్నీ కోసేస్తే సగం పచ్చివే కదా. ఆ వాసన అదన్నమాట. మెర్లో తల్లిని 2009లో ప్రకటించిన బృందంలో ముందున్నదీ ఈ బుర్సికోయే. ఒకాయన ఒక ద్రాక్షకి దొంగపేరు వదిలించి, ఇంకోదానికి తల్లిని చూపించాడు.

చిలీ సీసా సంచిలో ఉన్ననాడు విజయనగరం ఆయన వాసన చూసి "ఇది మెర్లో కాదండీ, అత్తారింట్లో ఇంటిపేరు మారిన అమ్మాయి" అన్నాడు. సంచి విప్పితే మెర్లో అనే ఉంది. ఈ మధ్య అక్కడ రెంటినీ విడదీసి నాటుతున్నారు, కాబట్టి ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చే దారి లేదు. ఆయన మాత్రం గెలిచినట్టే ఇంటికెళ్ళాడు.

ఇక మా వాషింగ్టన్ రాష్ట్రం. సియాటిల్ అంటే వాన అనుకుంటారు, కానీ ద్రాక్ష పండేది కాస్కేడ్ కొండల అవతల. మబ్బులన్నీ ఇటువైపే దులిపేసుకుని వెళ్తాయి, అటు కొలంబియా లోయలో చాలాచోట్ల ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల వానే. కరువుసీమ అని చెప్పుకునే అనంతపురంలో పడేదానిలో మూడోవంతు. కింద నల్లటి బసాల్టు రాయి, దక్కన్ పీఠభూమిలాగే లావా పొరలు. పైన మంచుయుగం చివర్లో మిజౌలా వరదలు తెచ్చిపోసిన ఒండ్రు, గాలికి కొట్టుకొచ్చిన సన్నమట్టి. నీళ్ళు మనిషి పెడితేనే. నలభై ఆరో అక్షాంశం కాబట్టి వేసవిలో పొద్దు తొందరగా గుంకదు. పగలు మాడ్చే ఎండ, రాత్రి స్వెట్టరు చలి. ఆ చలి వల్లే పండు తియ్యనయ్యాక కూడా పులుపు పోదు. 1996లో, మళ్ళీ 2004 జనవరిలో, గడ్డకట్టే చలికి ఇక్కడ తీగలు బాగా దెబ్బతిన్నాయి. మెర్లో ఎక్కువ నష్టపోయింది.

వాలా వాలా మెర్లోని ఎవరూ ద్రాక్షాపాకం అనలేరు. నాలుగు సంచులు వరసగా పెట్టినప్పుడు మేం దాన్ని కాబెర్నే అనుకునేంత వగరు. ఆ వగరు వక్కది, కానీ పచ్చివక్క కాదు, ఉడకబెట్టి ఎండబెట్టినది. దాని వెనక నేరేడు. నాపా లోయ మెర్లో దాని పక్కన పెడితే సుఖంగా పెరిగిన బిడ్డలా ఉంటుంది. గుండ్రంగా, తియ్యటి ఓక్ వాసనతో. అందరూ మెర్లోని తిట్టుకుంటున్న రోజుల్లో కూడా నాపాలో 1978 నుంచి దాన్నే నమ్ముకున్న డక్‌హార్న్ వాళ్ళ త్రీ పామ్స్ మెర్లో 2014కి 'వైన్ స్పెక్టేటర్' పత్రిక 2017లో ఆ ఏటి మేటి వైన్ అని పేరు పెట్టింది. బాగుంటుంది. కానీ ఆ ఖరీదుకి నేను వాలా వాలావి రెండు కొంటాను.

స్విట్జర్లాండు టిచీనోలో మెర్లోతో తెల్లవైన్ చేస్తారు. తొక్క తీసి రసం మాత్రమే పులియబెడతారు. తాగితే వగరు దాదాపు సున్నా, మంచి నీళ్ళలాంటి వైన్. వగరు తొక్కలో ఉంటుందని ఎవరికైనా చెప్పాలంటే ఆ సీసా చాలు, రెండోది కొననక్కర్లేదు. నాసిక్ నుంచి ఒకసారి వరంగలామె తెచ్చింది. శీతాకాలం సరిగా లేని చోట తీగకి నిద్ర ఉండదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఫిబ్రవరి, మార్చిల్లో కోస్తారు. అంత తొందరపెట్టిన పండుకి ఆ మాత్రం నిలకడ ఉండటమే నాకు ఆశ్చర్యం.

మన తిండితో ఎలా ఉంటుందని అడుగుతారు. గోంగూర దగ్గరికి తీసుకురావద్దు. గోంగూర పులుపు ముందు మెర్లో చప్పగా చచ్చిపోతుంది. మిరపకారం మీద ఆల్కహాలు పడితే మంట రెట్టింపు. మిరియాలేసి దోరగా వేయించిన మాంసం, నువ్వులపొడి చల్లిన వంకాయ, ఇవి కుదురుతాయి. మాంసం వగరుని తనవైపు లాక్కుంటుంది, నోటికి మెత్తదనం మిగులుతుంది. ముద్దపప్పు, నెయ్యి కూడా బాగుంటాయని అక్క వాదన. నేను ఒప్పుకోను.

ఇంతా చెప్పి, అసలు సంగతి దాటవేస్తే బాగుండదు. మా పెదమావయ్య సారాతో పోయాడు. నేను ఆరో క్లాసు. అమ్మకి తోడబుట్టినవాడు, ఆమెని ఎత్తుకు పెంచినవాడు. రెండేళ్ళ తర్వాత మా పక్కనే దూబగుంటలో ఆడవాళ్ళు లేచి సారా దుకాణం మూయించినప్పుడు అమ్మ కూడా మా ఊరి ఆడవాళ్ళతో వెళ్ళి ప్యాకెట్లు తొక్కింది. అదంతా మొదలైంది అక్షరదీపం రాత్రిబడుల్లో. అమ్మ అక్కడే ముప్పై ఏడేళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకుంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం, 1997లో అది పోయింది. అమ్మ దృష్టిలో మాత్రం పోలేదు.

కాబట్టి అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చి వంటింటి అలమరలో నా సీసాలు చూసినప్పుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఒక్కటే అడిగింది. "ఆపగలవా?" ఆపగలను అన్నాను. "మీ మామ కూడా అదే అన్యాడు." దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. సారాలో ఉన్నదీ, పెట్రూస్‌లో ఉన్నదీ ఒకే ఆల్కహాలు. ఎంత తక్కువైనా సురక్షితం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఆ ఎర్రవైన్, గుండె కథని అడ్డం పెట్టుకునే రోజులు పోయాయి. నాకు ఇది ఇష్టం అని తప్ప చెప్పడానికి ఏమీ లేదు. ఆమె అడిగినప్పుడల్లా ఆ నెల ఎన్ని సీసాలు తెరిచామో నిజం చెప్తాను. ఆమె ప్రతి వచ్చినప్పుడూ అడుగుతుంది.

పోయిన వేసవిలో మా వంతు వచ్చిన రోజు అమ్మ ఇంట్లోనే ఉంది. తన గదిలోకి వెళ్ళిపోతుందనుకున్నాను. భోజనాల బల్ల చివర కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మమ్మల్నే చూస్తూ కూర్చుంది. విజయనగరం ఆయన చెంబులోకి ఉమ్మగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏందమ్మే, ఆ అబ్బయ ఊసేస్తన్నాడు?"

"అంతేమ్మా, రుచి చూసి ఉమ్మేస్తాం."

"ఊసేసేదానికి ఇన్ని దుడ్లు పోసి కొనేదెందుకంట?" అని, కాసేపాగి, "మీ మామకి ఈ ఇద్య వచ్చుంటే ఎంత బాగుండు" అంది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది, తర్వాత చాలాసేపు చిక్కుళ్ళ మీంచి తలెత్తలేదు.

పని అయ్యాక నా నోటుపుస్తకం లాక్కుని చదవడం మొదలెట్టింది. అమ్మ చదివితే పెదాలు కదుల్తాయి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. 'నే-రే-డు.' 'ఉ-డి-కిం-చి-న వక్క.' 'బ్యా-ర-న్' దగ్గర ఆగి నా మొహం చూసింది. "మన బ్యారనా?" అంది. అవునన్నాను. ఇంకో పేజీ తిప్పింది. ఆ తర్వాత అక్క పుస్తకం అడిగి తీసుకుంది. రెండో నెంబరు సంచి, సెయింట్ ఎమిలియన్ పక్క ఊరు మోంటాన్యెది, దానికెదురుగా అక్క 'ఉసిరి' అని రాసింది.

"ఉసిరి ఒగురంటే పైన నీళ్ళు తాగితే తియ్యంగుండాల. ఉండిందా?"

ఎవరూ నీళ్ళు తాగి చూడలేదు. అమ్మ లేచి నాలుగు గ్లాసుల్లో నీళ్ళు పోసుకొచ్చింది. నలుగురం బుద్ధిగా రెండో నెంబరు ఒక గుక్క తిప్పి ఉమ్మి, నీళ్ళు తాగాం. తియ్యగా లేదు.

"నాలికె పట్టుకుంటదా, చిగుళ్ళు పట్టుకుంటదా?"

చిగుళ్ళే అంది అక్క. వరంగలామె తలూపింది.

"అయితే మామిడి జీడి."

అక్క 'ఉసిరి' కొట్టేసి పైన 'మామిడి జీడి' అని రాసింది. అమ్మ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని, కళ్ళజోడు పైకి తోసి, 'జీ'కి గుడిదీర్ఘం సరిగా పడిందో లేదో చూసింది.